పుల్లోడు చూసిన వైపు

అన్నా,

రేపు చాపాడు తిరునాళ్లలో బండలాగుడు పోటీ. కర్నూలు మనకు రాజధాని అయినాక ఇదే మొదటిది. నువ్వు పోయినాక కూడా ఇదే మొదటిది. ఏటా ముందురోజు సాయంత్రం "రేపు ప్రైజు ఎవరు కొడతారురా?" అని నన్నడిగి, నేను నోరు తెరిచేలోగా నువ్వే చెప్పేసేవాడివి. ఈసారి నేను చెబుతాను, అడ్డం రాకు.

జమ్మలమడుగు ఎద్దులు చూపుకే ఏనుగులు. రెండో మలుపుకే నురగలు కక్కుతాయి. పులివెందుల జత కుర్రది, తప్పెట మోగితే బెదురుతుంది. గెలిస్తే మన జతే గెలవాలి. కానీ ఈసారి తోలేది నేను. మన ఎర్రెద్దు పుల్లోడు నా చేత కాడి వేయించుకోకుండా తల విసురుతున్నాడు.

ఇందాక వదిన బయటికొచ్చింది. "అట్ల అదిలిస్తే యాడ వస్తాడప్పా? ఉండు, మీయన్న మాదిరి నేను పిలుస్తా" అంది.

"రారా పుల్లోడా, కసువు తింటివా?"

అచ్చం నీ పిలుపే. పుల్లోడు చెవులు నిక్కించాడు. వదిన వైపు చూడలేదు. నువ్వు చేని నుంచి వచ్చే సందు వైపు చూశాడు.

మేమిద్దరం కూడా అటే చూశాం.