దొర మోటారుకు ఎదురుగా

తమ్ముడూ మల్లేశూ,

రైతు సంఘానికి పాత జీపు వచ్చింది. నడిపేవాళ్లు లేక, ఈ వయసులో నేనే రోడ్డు నియమాల పుస్తకం పట్టుకున్నాను. అందరూ ఎడమ పక్కనే పోవాలని అందులో ఉంది. ఆ 'అందరూ' అన్నచోటే నాకు అనుమానం. దొర మోటారు వస్తే బండ్లన్నీ చేలోకి దిగే ఊరు మనది. నువ్వు బండి దించనందుకే కదా, దొర తన గడీకి, ఆ కోటలాంటి ఇంటికి పిలిపించాడు! మళ్లీ నిన్ను చూసింది పాడె మీదే.

ఈరోజు వికారాబాద్‌లో లైసెన్సు పరీక్ష. ఇన్‌స్పెక్టరు నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా అదే దొర మోటారు, రోడ్డు నడుమ వస్తోంది.

"జర కిందికి దించవయ్యా, దొర వస్తుండు!"

"నా ఎడమ పక్కకే నేనున్న సార్. గాయననే జరగమనుండ్రి."

హారన్ కొట్టీ కొట్టీ చివరికి ఆ మోటారే తప్పుకుంది. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని పాసని రాశాడు. ఇంత తేలిగ్గా ఎందుకు రాశాడా అని నేను చూస్తుంటే, మెల్లగా అన్నాడు:

"పరీక్షల సరే గని, బైట గిట్ల చెయ్యకు."

మరి ఆ నియమాలు ఎక్కడి కోసం రాశారట? రేపు జీపు తాండూరుకు తీసుకుపోతున్నాను తమ్ముడూ. ఎవరెదురొచ్చినా చేలోకి దించను.