ఆవిడ పనిలో ఉన్నారు

అన్నయ్యకు,

నిన్న రుసరుసలాడుతూ మెట్లు దిగావు, ఇల్లు క్షేమంగా చేరావనుకుంటాను.

తలా ఒక బల్ల అద్దెకు తీసుకుని ఎవరి పని వాళ్లు చేసుకునే మా కోవర్కింగ్ హాలుకు వచ్చి, అందరి ముందూ "ఇంట్లో గది పెట్టుకుని ఈ పరాయివాళ్ల మధ్య కూర్చుంటావా? లే, పద!" అన్నావు. సాయంత్రానికి ఇవ్వాల్సిన ఇంటి ప్లాను గీస్తున్నాను. అయినా అలవాటుకొద్దీ లేచాను.

పక్క బల్ల ఆడిటరుగారు తలెత్తి, "మెల్లగా మాట్లాడండి సార్, ఆవిడ పనిలో ఉన్నారు" అన్నారు. బొమ్మలు వేసే అమ్మాయి నీకు కుర్చీ జరిపి, "కూర్చోండి, ఆవిడ పనయ్యాక మాట్లాడుకోవచ్చు" అంది. నువ్వు కూర్చోలేదు.

ఇంట్లో ఆ గదిలో నాలుగేళ్లు ప్లాన్లు గీశానన్నయ్యా. గీత పూర్తికాకముందే "ఖాళీగానే ఉన్నావుగా, పొయ్యిమీద పాలు చూడు" అని వదిన పిలిచేది. నేను పనిలో ఉన్నానని మన ఇంట్లో ఎవరూ, ఎవరితోనూ, ఒక్కసారి కూడా అనలేదు. ఈ పరాయివాళ్లు నీ ముఖం మీదే అన్నారు.

అందుకే రాను. నువ్వు వెళ్లాక మళ్లీ కూర్చుని ప్లాను పూర్తిచేశాను. బాగా వచ్చింది. చూడాలనిపిస్తే రా, చూపిస్తాను. నన్ను తీసుకెళ్లడానికైతే మాత్రం రావద్దు.

నీ చెల్లెలు