ప్రభావతి తెప్పించుకున్న డ్రిల్లు

రెంటచింతల,
జూన్ 9

ప్రియమైన అంజీ,

ఫోన్లు వచ్చినా మన హాస్టల్ రోజుల నాటి ఉత్తరాలు మానలేదు కాబట్టి ఇదీ రాసే అడుగుతున్నాను. పక్షవాతం వచ్చిన ఇన్నాళ్ళకు మీ శౌరి అన్నయ్య మంచం దిగుతున్నాడు. బాత్‌రూమ్ దాకా వరండా గోడకు స్టీలు పైపు బిగిస్తే, నా చెయ్యి పట్టుకోకుండా నడుస్తానంటున్నాడు. పన్నెండు బెజ్జాల కోసం మాచర్ల నుంచి ఎవరూ రామంటున్నారు. నేనే బిగిస్తాను. వరండాలో కరెంటు పాయింటు లేదు, బ్యాటరీతో నడిచే డ్రిల్లు కావాలి. నాలుగు వేలు దాటకూడదు. హార్డ్‌వేర్ షాపు నడిపేదానివి, ఏది తీసుకోమంటావు?

నీ ప్రభ

నరసరావుపేట,
జూన్ 14

ప్రభా,

ఏమే, నువ్వు డ్రిల్లు పడతావా! సంతోషం. వంద సామాన్లతో పెట్టె ఇస్తారని ఆన్‌లైన్‌లో చవకరకం చూసి మోసపోకు. మీది నాపరాతి గోడ, తిరుగుతూనే సుత్తిలా కొట్టే హ్యామర్ లేని మిషన్ దిగదు. బ్యాటరీలు రెండుండాలి. బ్రష్‌లెస్ మోటారుదైతే ఎక్కువకాలం మన్నుతుంది గానీ, ఏడాదికి నాలుగు బెజ్జాలు వేసే ఇంటికి అంత ఖరీదు దండగ. నేనే ఒకటి చూసి బస్సు పార్శిల్‌లో పంపుతున్నాను. మూడువేల ఎనిమిదొందలు. కొత్తదే, నా చేత్తో కట్టాను. అన్నయ్య నడిచిన రోజు నాకు రాయి.

నీ అంజి

రెంటచింతల,
జూన్ 22

ప్రియమైన అంజీ,

ఏడు బెజ్జాలకే మొదటి బ్యాటరీ ఆగిపోయింది. రెండోది రెండు బెజ్జాలకే. మళ్ళీ చార్జింగ్ పెట్టినా తిరగలేదు. పైపు ఒక కొస బిగించి, రెండో కొస గోడకు ఆనించి, పక్కింట్లో డ్రిల్లు ఉందేమో అడగడానికి వెళ్ళాను. పని అయిపోయిందనుకుని ఆయన పైపు పట్టుకున్నాడు. పైపుతో సహా పడ్డాడు. బాగున్న కుడిచెయ్యే విరిగింది. ఇప్పుడు అన్నం కూడా నేనే తినిపిస్తున్నాను.

నేనే ఏదో తప్పు చేసి ఉంటాను. చార్జింగ్ ఎట్లా పెట్టాలో చెప్పవూ?

నీ ప్రభ

నరసరావుపేట,
జూలై 5

ప్రభా,

అన్నయ్య సంగతి చదివాక అన్నం సయించలేదు. కొత్త మిషన్ ఊరికే పాడవదు. చార్జింగ్‌లో వదిలేసి మర్చిపోయి ఉంటావు, లేకపోతే గోడ మీద బలంగా తోసి ఉంటావు. అలవాటు లేని పని నీకెందుకని అప్పుడే చెప్పాల్సింది. షాపులో చానా పని ఉంది. ఉంటాను.

అంజి

రెంటచింతల,
జూలై 12

అంజమ్మకు,

మిషన్ను పిడుగురాళ్ళలో రిపేర్లు చేసే సుభానీ దగ్గరికి తీసుకెళ్ళాను. చూడగానే "ఇదేందమ్మా, మళ్ళీ వచ్చింది?" అన్నాడు. అడుగున మార్కరుతో తను రాసిన నంబరు చూపించాడు. "ఎవరో కొని వారానికే తిరిగిచ్చారంట. రెండు బ్యాటరీలూ పోయినయ్, అమ్మబాకండి అని అంజమ్మగారికి నేనే చెప్పినా" అన్నాడు.

మీ ఆయనకు కాదు, నీకే చెప్పాడట. మూడు వారాలుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఎందుకు చేశావు?

ప్రభావతి

నరసరావుపేట,
జూలై 19

ప్రభా,

ఇంక దాచను. ఆ మిషన్ను కంపెనీ వెనక్కి తీసుకోలేదు. పన్నెండు బెజ్జాలకు సరిపోతుందిలే అనుకున్నాను. వేరేవాళ్ళకిస్తే షాపు ముందు నిలబడి కేకలేస్తారు. నువ్వైతే సర్దుకుంటావు, మనమనిషివి కదా అనుకున్నాను. ఈ పార్శిల్‌లో కొత్తది ఉంది, డబ్బు వద్దు. అన్నయ్యకు మాత్రం చెప్పకు.

నీ అంజి

రెంటచింతల,
జూలై 27

అంజమ్మకు,

నీ పార్శిల్ విప్పకుండా తిప్పి పంపుతున్నాను. మాచర్లలో కరెంటు డ్రిల్లు, పొడుగు వైరు అద్దెకు తెచ్చి పైపు బిగించాను. చేతికట్టు విప్పాక పట్టుకుంటాడు.

చెప్పొద్దన్నావు. చెప్పాను. "అంజమ్మ అట్టా చెయ్యదు, సుభానీ పొరబడుంటాడు" అన్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధవుతుందంటారు. నేనెంత మెత్తనిదాన్నో హాస్టల్లో నా పక్కన పడుకున్న నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నువ్వనుకున్నది నిజమే, నేను కేకలు వేయను.

ఇక నాకు రాయకు.

ప్రభావతి