చిక్కావన్న మాట

2003 డిసెంబరు 31

షుగరు దిగకపోతే చూపు పోతుందని డాక్టరుగారు అన్నప్పుడు, ఉగాదికల్లా అమ్మను పది కిలోలు తగ్గించాలనుకున్నాను. కాస్త తగ్గింది కూడా. ఇవాళ పత్తి చేలో పక్కింటి మస్తాన్‌బీ అత్త అమ్మను చూసి, "ఏంది కోటమ్మొదినా, ఇట్టా చిక్కావు? చదువుకున్న కూతురు కూడు పెట్టట్లేదా?" అంది.

రాత్రి అమ్మ మారు అన్నం పెట్టుకుంది. వద్దన్నాను.

"మీ నాన్న కూడా ఇట్టాగే చిక్కి చిక్కి పోయాడే," అంది.

ఇక కిలోల మాట ఎత్తను. రాత్రికి ఒక గరిటె తక్కువ, పొద్దున చేను దాకా నడక, అంతే.

"ఎవరన్నా అడిగితే షుగరు దిగుతోందని చెప్పమ్మా," అన్నాను.

"దిగితే గదా," అంటూనే మారన్నంలో సగం నా కంచంలో వేసింది. "నువ్వు తిను. నువ్వూ చిక్కావు."