బావమరిది లేకుండా బేరింగులు

ఒకటో తేదీ, ఉదయం 6
నిర్ణయం! నా పాతకారు ఇంజిన్‌లో షాఫ్టు తిరిగే బేరింగులు అరిగిపోయాయి. కొత్తవాటికి ఏ లోహమో నేనే ఎంచుతాను. బావమరిదిని అడగను. ముప్పై ఏళ్ల కిందట పదిమందిలో "బావా, పుస్తకాలు తిరగేస్తే ఇంజిన్ తిరగదు" అన్నాడు. ఆ మాట మాత్రం ఇంకా అరగలేదు.
"పదో తేదీకి కారు కదలకపోతే తుక్కువాడికిచ్చేస్తా. షెడ్డులో నా కుట్టుమిషను పెట్టుకుంటా," అంది మా ఆవిడ.
పది రోజులా! నాకు మూడు చాలు.

రెండు
ఏడు పుస్తకాలు చదివాను. దారులు రెండు.
తెల్లలోహం: తగరం పాలు ఎక్కువ, మెత్తన. కరిగించి పోసి, చేత్తో గీకి కుదర్చాలి. ఆ పని వచ్చినవాడు ఊరంతటికీ ఒక్కడే. పేరెత్తను.
రాగి-సీసం: గట్టిది. రెడీమేడ్ బేరింగు చిప్పలు దొరుకుతాయి. ఎవడి గడపా తొక్కక్కర్లేదు.
శాస్త్రీయంగా ఆలోచించి రెండోదే ఎంచాను.

నాలుగు, మధ్యాహ్నం
లేతుమిషను ఆయన షాఫ్టు మీద ఆకురాయితో గీసి చూశాడు.
"పెద్దాయనా, ఇది మెత్తటి షాఫ్టు. గట్టి బేరింగేస్తే దీన్నే తినేస్తుంది. బేరింగు పోతే మళ్లీ పోసుకోవచ్చు, షాఫ్టు పోతే ఎక్కణ్నించి తెస్తారు? తెల్లలోహం పోయించండి. మీ బావమరిది ఉన్నారుగా!"
వీడూ వాడి మనిషే.

ఐదు
నేనే పోస్తాను. పుస్తకంలో ఆ పని పదమూడు పేజీలే.

ఆరు
పోశాను. లోహం ఒలికి కుడి చెప్పు షెడ్డు నేలకు అతుక్కుపోయింది. కాలు వేళకు తీశాను. బేరింగులోకి ఒక్క చుక్క వెళ్లలేదు.
ఆవిడ వచ్చింది, చెప్పును చూసింది, టేపుతో షెడ్డు కొలిచింది.

ఎనిమిది
"మా తమ్ముణ్ని పిలవనా?"
"వద్దు."
"అయితే ఎల్లుండి ఆ చెప్పు మీదే షికారుకెళదామా?"
నేను పిలవలేదు. ఆవిడ ఫోన్ చేస్తుంటే అడ్డుపడనూ లేదు. దీన్ని నిర్ణయభంగం అనరు.

తొమ్మిది
వచ్చాడు. పోశాడు. షాఫ్టుకు నీలిరంగు పూసి తిప్పడం, బేరింగులో రంగు అంటినచోట గీకడం. పొద్దుటినుంచీ అదే పని.
"ఎంతసేపు గీకుతావురా?"
"మీ షాఫ్టు ఒప్పుకునేదాకా, బావా." తర్వాత నేలకేసి చూశాడు. "చెప్పు మాత్రం భేషుగ్గా పోశారు. ఒక్క బుడగ లేదు!"
వెధవ. కానీ నిజమే, బుడగ లేదు.

పది, సాయంత్రం 5
కదిలింది! చప్పుడు వినాలని వాడే నడిపాడు. పక్కన వాళ్లక్క. నా కారులో నేను వెనకసీటు, ఒంటిచెప్పుతో.

పదకొండు, ఉదయం 6
నిర్ణయం! గేరుబాక్సు గుర్రుమంటోంది. బుష్షులకు ఇత్తడా, కంచా? నేనే ఎంచుతాను, నేనే పోస్తాను. బావమరిదిని అడగను.
కొత్త చెప్పులు కొన్నాను. రెండు జతలు.