రెండు మూపురాల గ్రాఫ్

మార్చి 14, శుక్రవారం

ప్రియమైన పిన్నికి,

నమస్కారాలు. బాబాయికి ఇక్కడే పెట్టేశాను, ఈ ఉత్తరం తెచ్చేది ఆయనే కనుక.

పొద్దున్నే కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ నన్ను తెల్లబోయేలా చేసింది. నువ్వు ఆయాగా ఉన్న పిల్లల కేంద్రంలో కూర్చుని, అమ్మ గేటు దాటాక ఏ పిల్ల ఎంతసేపటికి ఏడుపు మానిందో రాసుకున్నాను కదా, ఆ నిమిషాలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. ఎక్కువమంది మధ్యలో, కొద్దిమంది అటూ ఇటూ ఉండి గ్రాఫ్ గంట ఆకారంలో వస్తే నార్మల్ అంటారు. నాకు వచ్చింది రెండు మూపురాలు! మూపురం! ఎంత నిండైన మాటో, ఇన్నాళ్ళూ వాడే అవకాశమే రాలేదు. గంట ఆకారం అవునో కాదో తేల్చే షాపిరో పరీక్ష కూడా ఇది నార్మల్ కాదు పొమ్మంది.

పక్క సీటు పొడుగమ్మాయి తొంగిచూసి, గంట తెస్తానని ఒంటెను తోలుకొచ్చావేంటే అని పకపకా నవ్వింది. ఎక్కువసేపు ఏడ్చినవాళ్ళని తీసి పారెయ్, ఎవడు చూడొచ్చాడు అని సలహా కూడా ఇచ్చింది. నా చెయ్యి డిలీట్ మీదకి పోయింది. వెనకే ఉన్న మా ప్రాజెక్ట్ మేడమ్, వాళ్ళు ఏడ్చింది నిజమే కదమ్మా, నీ బొమ్మ అందం కోసం లేదనేస్తావా అన్నారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సగటు ఎనిమిది నిమిషాలు. తమాషా ఏమిటంటే, ఎనిమిదో నిమిషంలో ఊరుకున్న పిల్ల దాదాపు ఎవరూ లేరు. అక్కడ ఉన్నది లోయ.

రేపు రాజీనామా ఇచ్చేస్తానన్నావు. నేనున్నా లేకపోయినా వాళ్ళ ఏడుపు వాళ్ళు ఏడ్చి ఊరుకుంటారే, ఈ మోకాళ్ళతో ఇంకా ఎందుకు అన్నావు. టీచర్లు విసుక్కుంటే, మా పిల్ల చదువండీ, కూర్చోనివ్వండి అని సర్దిచెప్పి నన్ను గేటు పక్కన ఉండనిచ్చావు. అది మాత్రం మరిచిపోలేను.

నీ,
ప్రశ్నల పుట్ట

తా.క. కవరు అంటిస్తుంటే మేడమ్ పిలిచి, రెండు మూపురాలు ఎందుకొచ్చాయో రోజువారీగా రంగులు వేసి చూడమన్నారు. త్వరగా ఊరుకున్నవాళ్ళ మూపురం ఇంచుమించు అంతా నువ్వు గేటు దగ్గరున్న రోజులది. రెండోది, మోకాళ్ళ నొప్పితో నువ్వు సెలవు పెట్టిన రోజులది. ఇంత కొద్ది లెక్కతో ఖాయంగా అనకూడదని మేడమ్ హెచ్చరించారు, అనను. కానీ పిన్నీ, నువ్వున్నా లేకపోయినా ఒకటే అని నువ్వూ అనకు. ఆ కాగితం ఇంకా ఇవ్వకు. నువ్వు కూర్చునే పలకరించు, రేపటి నుంచి మా కాలేజీకి సెలవులు, అవయ్యేదాకా పిల్లల్ని ఎత్తుకోవడానికి నేనుంటాను. రేపు పొద్దున్న గేటు తీసేలోపే ఆ గ్రాఫూ, ఒక కుర్చీ పట్టుకుని వచ్చేస్తాను.