తెగని కేబులు

పామర్రు,
శుక్రవారం.

సౌభాగ్యవతి చౌడేశ్వరమ్మకు దీవెనలు. ఇక్కడ నేనూ అబ్బాయి జ్ఞానేశ్వరూ ఆరోగ్యంగానే ఉన్నాం. సూరత్‌లో నువ్వూ, రేణుకా, అల్లుడుగారూ, పురిటిబిడ్డా క్షేమమని నీ ఉత్తరంలో చదివి నిమ్మళించాను. బిడ్డ పాలు బాగా తాగుతోందన్నావు. అది చాలు.

నువ్వడిగినవి. బీపీ మాత్ర మానలేదు. మగ్గం గుంటలోకి వాననీళ్ళు రాలేదు, గుమ్మం దగ్గర ఇసక బస్తా వేశాను. గ్యాస్ బండ వచ్చింది. కూర అబ్బాయే వండుతున్నాడు. ఉప్పు ఎక్కువ వేస్తాడు. నేనేమీ అనడం లేదు.

నెట్టు పని ఎలా ఉంది, వాడు ఫోనులో చిరాగ్గా మాట్లాడుతున్నాడేమని రాశావు. దానికి జవాబు పెద్దది. పొద్దుట నుంచి రాస్తున్నాను.

అబ్బాయి ఊళ్ళో ఇళ్ళకిచ్చే నెట్టు భవానీపురం కంపెనీ నుంచి వస్తుందని నీకు తెలుసు. గుణదలలో ఇంకో కంపెనీ ఉంది. ఒకరి లైను మీద వచ్చేవాటిని ఇంకొకరు తమ లైనులోకి పోనివ్వాలని వాళ్ళకు ఒప్పందం. నీ బరువు నేనెక్కువ మోస్తున్నానంటే, కాదు నేనే మోస్తున్నానని తగువు పడ్డారు. చివరికి భవానీపురం వాళ్ళు కావాలనే దారి ఆపేశారు.

"వైరు బాగానే ఉంది నాన్నా. మిషన్లకు దారి చెప్పే పట్టీ ఒకటుంటుంది. అందులోంచి గుణదల వాళ్ళ పేరు తీసేశారు," అన్నాడు అబ్బాయి. నాకు అర్థమైనంతలో, కాలవ నిండా నీళ్ళున్నాయి, ఒక్క తూము దించేశారు. పెట్టెలో పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. సినిమాలొస్తాయి. గుణదల వాళ్ళ మిషన్ల మీద ఉన్నవి మాత్రం తెరుచుకోవు. మన చేనేత సొసైటీకి చీరల ఆర్డర్లొచ్చే పేజీ అక్కడే ఉంది.

అడిగినవాళ్ళకు కేబులు తెగిందని చెప్పు, మేం ఆపామని బయటికొస్తే నీ లైను తీసేస్తాం అని కంపెనీవాళ్ళు అబ్బాయితో అన్నారు. వాడు నాతో అన్నాడు. కేబులు రిపేర్లకు ఇళ్ళకు తిరిగేది నేనే కదా. తొమ్మిది రోజులు తల వంచుకుని ఆ మాటే చెప్పాను.

తొమ్మిదో రోజు సాయంత్రం సొసైటీ సెక్రటరీ తిరుపతిరావు గారు నలుగురిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు.

"ఏమండీ పాండురంగయ్య గారూ, తొమ్మిది రోజులైనా అతకలేదంటే అది కేబులా, కాలవకు పడ్డ గండా?" అన్నారు. వెనకవాళ్ళు నవ్వారు. "ఎక్కడ తెగిందో చూపించండి. మేమూ చూసి తరిస్తాం."

"రేపు చూపిస్తానండి," అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఇంతసేపూ ఈ మాట దగ్గరకు రాకుండా తిరిగాను. మర్నాడు తెల్లవారుతూనే కాలవ గట్టు మీది స్తంభం దగ్గరకు వెళ్ళి కేబులు నేనే కోశాను. అక్కడ కేబులు చుట్ట చేతికందే ఎత్తులో ఉంటుంది. లేని తెగుడు చూపించడం నాకు చేతకాదు. ఉన్నది చూపిస్తే చెప్పిన అబద్ధం నిజమైపోతుందనుకున్నాను. వాళ్ళు చూడగానే అతికేద్దామనుకున్నాను. ఇంత వయసొచ్చి అలా అనుకున్నాను.

వాళ్ళను తీసుకెళ్ళి చూపించాను. తిరుపతిరావు గారు దగ్గరికెళ్ళి చూశారు. "ఇది తెగింది కాదండీ. ఎవడో కావాలని కోశాడు," అని అక్కడి నుంచే పోలీసులకు ఫోను చేశారు. ఆ స్తంభాల మీదే గుణదల కంపెనీ కేబులు కూడా పోతుంది. దాన్ని చూసుకునేది శౌరమ్మ కొడుకు జయపాల్. మన కనెక్షన్లు లాక్కోవడానికి వాడే కోశాడన్నారు. స్టేషనుకు పిలిచి అడిగారు. అది తేలేదాకా పనిలోకి రావద్దని అతని కంపెనీ చెప్పేసింది.

వాళ్ళు అతని పేరు అంటున్నప్పుడు నేను పక్కనే కూర్చుని కేబులు అతుకుతున్నాను. అతుకుతూనే ఉన్నాను.

ఆరు రోజుల తర్వాత రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. దారి తెరుచుకుంది. సొసైటీ పేజీ వస్తోంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. జయపాల్ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. ఫిర్యాదు అలాగే ఉంది.

అబ్బాయికి చెప్పాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. "నువ్వు స్టేషనుకెళ్తే ఎందుకు కోశావంటారు. దారి ఆపిన సంగతి బయటికొస్తుంది. నా లైను పోతుంది. నేనేం చేసుకు బతకాలి నాన్నా?" అన్నాడు. వాడన్నదీ నిజమే. మరో రెండు రోజులు ఆగాను.

నిన్న శౌరమ్మ ఇంటికి వెళ్ళాను. "రండి పాండురంగయ్య గారూ," అని కుర్చీ వేసి టీ ఇచ్చింది. జయపాల్ ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టాను. చివరికి, "ఆ కేబులు..." అన్నాను.

"మీరే కోశారు. తెలుసు బాబాయ్," అన్నాడు.

ఎలా తెలుసన్నాను.

"ఆ పొద్దున మీరు అతకక ముందే నేనూ చూశాను. దొంగైతే కోసి వదిలేస్తాడు. రెండు కొనలూ కాలవలో పడకుండా నూలుతో స్తంభానికి కట్టున్నాయి. పడుగులో పోగు తెగితే వేసే ముడి అది. స్తంభాల పని చేసేవాళ్ళలో మీరు తప్ప ఎవరేస్తారు?"

"మరి స్టేషన్లో చెప్పలేదేం?"

"చెప్తే ఎవరు నమ్ముతారు? ఈ ఊళ్ళో మీ మాటకున్న మర్యాద నా మాటకుందా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

శౌరమ్మ గుమ్మంలోంచి, "వారం నుంచీ వీధిలోకి చూస్తా కూర్చుంటున్నాడండీ. ఎవరి కోసంరా అంటే చెప్పడు," అంది.

రేపు పది గంటలకు స్టేషనుకు వెళ్తున్నాను. నోటితో చెప్పలేను కనక కాగితం మీద రాసుకున్నాను. ఎందుకు కోశానో కూడా రాశాను. అబ్బాయి లైను పోవచ్చు. వాడు నాతో మాట్లాడటం లేదు. నువ్వు ఫోను చేసినప్పుడు నన్ను వెనకేసుకు రావద్దు. అన్నం తిన్నాడో లేదో అడుగు. రేణుకకు ఇప్పుడే చెప్పకు, పచ్చి ఒళ్ళు. నువ్వు కంగారుపడి బయల్దేరవద్దు.

నడిచి వెళ్తానంటే జయపాల్ తన బండి మీద తీసుకెళ్తానన్నాడు. వెనక సందులోంచి పోదామన్నాను.

"వద్దు బాబాయ్. బజారు మీదుగా పోదాం. అందరూ చూడాలి," అన్నాడు.

సరేనన్నాను.

ఇట్లు,
రేణుక నాన్న,
పాండురంగయ్య.